తెల్లకాగితం మీద ఎర్ర టిక్కులు

పొద్దున్నే బట్టల మూటలు దించుతుంటే ఇస్త్రీ అతని చెయ్యి గోడకు తగిలింది. గోడ చల్లగా, మెత్తగా ఉంది. తలెత్తి చూస్తే పైనుంచి కిందిదాకా చెమ్మ చార. మేడ మీది నీళ్ల ట్యాంకు మళ్లీ పొంగినట్టుంది. పొంగిన నీళ్లు గోడ వెంట దిగి, మెట్ల కిందున్న వాళ్ల గదిలో పైఅరను పట్టుకున్నాయి. ఆ అరలో తిండి సామాను లేదు, బట్టలు లేవు. పిల్లల బడి మూటలు రెండే ఉన్నాయి.

స్టూలు లాక్కుని ఎక్కాడు. పసుపు దారం మూట అంచు మాత్రమే తడిసింది. నీలం దారం మూటను ఎత్తితే కింద నుంచి నీళ్లు కారాయి.

అతనికి చదువు రాదు. ఏ బట్టలు ఏ ఇంటివో మరిచిపోకుండా కాలరు లోపల రంగు దారంతో ఒక కుట్టు వెయ్యడం అతని పని పద్ధతి. పిల్లల కాగితాలకూ అదే పద్ధతి పెట్టాడు. పెద్దదానికి నీలం, చిన్నోడికి పసుపు. ఆదివారం సాయంత్రం బల్ల ఖాళీ అయ్యాక ఇద్దరూ సంచులు బోర్లించేవాళ్లు. పరీక్ష కాగితాలు ఒక పక్క, బొమ్మలు ఒక పక్క, అరిగిన పెన్సిళ్లూ రబ్బరు ముక్కలూ డబ్బాలోకి. చొక్కాలు మడిచినట్టే అంచుకు అంచు కలిపి, పాత దుప్పటి ముక్కలో కట్టి, ముడిలోకి దారం దూర్చేవాడు. "మా చదువంతా నాన్న మడత పెట్టి దాస్తాడు" అని పెద్దది నవ్వేది. నవ్వినా, ఇంకొకరి చేత మడత పెట్టించుకునేది కాదు.

మూట విప్పాడు. పైన ఉన్నవి సైన్సు రికార్డు కాగితాలు. ఏడాదంతా రాసినవి. పెద్దదానిది బడిలో ఆఖరి తరగతి. రికార్డుకు మార్కులు పడకపోతే పెద్ద పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ మార్కులు సరిగ్గా వేశారా లేదా అని చూడ్డానికి బయటినుంచి తనిఖీవాళ్లు కూడా ఈ వారంలోనే వస్తున్నారు. అంతా పిల్ల నోట విన్నదే. రోజూ అన్నం దగ్గర అదే పాట.

"ఏంటబ్బాయ్, పొద్దున్నే గోడకు మొక్కుతున్నావు?" అన్నాడు ఐసుబండి తాత. ఆయన బండి ఇస్త్రీ బల్ల పక్కనే నిలబెడతాడు, మేడ నీడ అక్కడే పడుతుంది గనుక. పుల్ల ఐసు పెట్టె చుట్టూ ఐసు ముక్కలు కూరి, గుప్పిళ్లతో రాతి ఉప్పు చల్లుతున్నాడు.

"కాగితాలు తడిసినయ్ తాతా. పెద్దదానివి."

"ఎండలో పెట్టు."

"ఎండలో పెడితే అప్పడంలా వంకర్లు పోతాయి. వాళ్ల మాస్టారికి మడత కనపడకూడదంట, కొట్టివేత కనపడకూడదంట. విసిరి కొడతాడంట."

"అయితే గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యి. పెళ్లికి కూడా పనికొస్తయ్." తాత తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

గంజి సంగతి వదిలేసి మిగతా మాట అతను పట్టుకున్నాడు. ఇస్త్రీ. అంతకన్నా తనకు తెలిసిన విద్య ఏముంది?

ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు తక్కువే వేశాడు. పట్టుచీరకు వేసినంత. బల్ల మీద మెత్తటి పాత గుడ్డ పరిచి, కాగితాన్ని రెండు గుడ్డల మధ్య పెట్టి అరచేత్తో అదిమి నీరు పీల్పించాడు. పెట్టెను చెంప దగ్గరికి తెచ్చి వేడి చూసుకున్నాడు. మొదటి కాగితం అంచున, రాత లేని చోట, పెట్టె ముక్కుతో తాకించి చూశాడు. కాలలేదు. పువ్వుల కుట్టు ఉన్న బట్టను తిరగేసి ఇస్త్రీ చేస్తారు, కుట్టు నలగకుండా. ఇదీ అంతేగా అనుకున్నాడు. రాత ఉన్న వైపు కిందికి పెట్టి, వీపు మీద పెట్టె నడిపాడు. సన్నగా ఆవిరి లేచింది. వంకర పోయిన కాగితం కళ్లముందే చదునైంది. ఇంకాస్త ఆరనిద్దామని ఒక్క క్షణం ఎక్కువ ఆపాడు. పెట్టె తీసేసరికి వీపున గోధుమరంగు మచ్చ.

"అయ్యో" అనుకున్నాడు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, ఆ కాగితాన్ని బల్ల మీద పరుపులా వేసిన దుప్పటి కిందికి తోశాడు. పెద్దదానికి మెల్లగా చెప్పుకోవచ్చు, ఒక్కటి మళ్లీ రాసుకుంటుంది. మిగతావి ఒక్కటి కూడా కాలనివ్వలేదు. ఒకదాని మీద ఒకటి బోర్లా పేర్చుకుంటూ పోయాడు. ఆ పూట ఇవ్వాల్సిన బట్టలు అలాగే ఉండిపోయాయి. ఇళ్ల నుంచి నలిగిన బట్టల మూట తెచ్చిన భార్య వచ్చి చూసి, "ఏం చేస్తున్నావయ్యా, జనం బట్టలు పెట్టుకుని?" అంది. చూపించాడు. ఆమె వేలితో ఒక అంచు తాకింది. "కొత్తవాటిలా ఉన్నయే" అంది. అతనికి కడుపు నిండినట్టయింది.

సాయంత్రం పెద్దది సంచి దించకముందే చెప్పాడు. "నీ కాగితాలు తడిసిపోతే బాగుచేసి పెట్టా. చూసుకో."

పెద్దది దొంతర అందుకుని తిరగేసింది. నవ్వబోయిన మొహం అలాగే ఆగిపోయింది. రెండోది తీసింది. మూడోది తీసింది. తర్వాత పేకముక్కల్లా గబగబా తిప్పింది.

"నాన్నా, ఏం చేశావు?"

అతను వంగి చూశాడు. అక్షరాలు రాకపోయినా కూతురి చేతిరాత ఎలా ఉంటుందో తెలుసు, కుడివైపుకు వాలి, బరువు మోస్తున్నట్టు. ఆ రాత లేదు. కాగితం తెల్లగా ఉంది. పెన్సిలుతో వేసిన గాజు గొట్టాలూ దీపాలూ ఉన్నాయి, వాటి పక్కన పేర్లు లేవు. ఖాళీ మీద మాస్టారి ఎర్ర టిక్కులున్నాయి. కింద మాస్టారి సంతకం ఉంది. చదవడానికి ఏమీ లేని చోట అన్నీ కరెక్టేనని దిద్దినట్టుంది.

"నీళ్లకు పోయిందా?"

"నీళ్లకు పోతే మరక ఉంటుంది గదా నాన్నా." పెద్దది ఒక బొమ్మ పక్కన ఖాళీని వేలితో తడిమింది. "మేడ మీది పాప ఇచ్చిన పెన్నులతో రాశాను. వెనక బుడిపెతో రుద్దితే చెరిగిపోతుందని, కొట్టివేతలు ఉండవని. రుద్దితే పుట్టే వేడికే కదా ఆ సిరా పోయేది. నువ్వు ఇస్త్రీ చేశావు."

పెద్దది ఏడవలేదు. కాగితాలను మళ్లీ వరసలో పేర్చడం మొదలుపెట్టింది. ఏది ముందో ఏది వెనకో బొమ్మల్ని బట్టి వెతుక్కుంటూ, మధ్యలో ఆగిపోయింది. భార్య మొగుడి మొహం వంక చూసి పొయ్యి దగ్గరికి పోయింది.

మర్నాడు కూతురితో పాటు అతనూ బడికి వెళ్లాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఊరి చొక్కాలన్నీ ఇస్త్రీ చేసే మనిషి తన చొక్కా ఇస్త్రీ చేసుకోవడం మరిచిపోయాడు.

మాస్టర్ల గదిలో సైన్సు మాస్టారు టీ తాగుతున్నాడు. గుమ్మం బయటే నిలబడి అతను సంగతి చెప్పాడు. మాస్టారు విసుగ్గా కాగితాలు అందుకున్నాడు. ఒకటి తిప్పాడు, రెండు తిప్పాడు. మూడోదాని దగ్గర చూపు కిందికి దిగి, తన సంతకం మీద ఆగింది. టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఇదేంటి?"

"రాసిందండీ. మీరు చూసి దిద్దారు గూడా. నేను ఇస్త్రీ చేశాను, రాత పోయింది."

"ఇస్త్రీ చేస్తే ముడతలు పోతాయయ్యా. రాత పోవడం ఎక్కడైనా ఉందా?"

పక్క కుర్చీలో లెక్కల మాస్టారు కిసుక్కున నవ్వాడు. "మా ఆవిడ చేతికిస్తే చొక్కానే పోతుంది, నయం" అన్నాడు. గదిలో నవ్వులు. సైన్సు మాస్టారు మాత్రం నవ్వలేదు. పెద్దది వైపు తిరిగాడు.

"బొమ్మలేసి, రాయడానికి బద్ధకమై, నా సంతకం నువ్వే పెట్టుకున్నావు. అవునా?"

"లేదు సార్. మీరే పెట్టారు. మా బెంచీ దగ్గరికొచ్చి..."

"తెల్లకాగితం మీద నేను సంతకం పెడతానా? అంటే ఏంటి, చూడకుండా దిద్దుతున్నాననా? ఈ వయసులోనే దొంగ సంతకాలు నేర్చావు!"

పెద్దది మెడ మీద నరం కదలడం అతను చూశాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు అలా కదిలేది.

"అయ్యా, తప్పు నాది" అన్నాడు. "పిల్లను అనకండి. మళ్లీ రాయిస్తాను. నాలుగు రోజులు గడువిప్పించండి."

"రేపోమాపో తనిఖీ. గడువులేదు, గిడువులేదు. ఆ కాగితాలు ఇక్కడ పెట్టి వెళ్లు."

మాస్టారు చెయ్యి అప్పటికే దొంతర మీద ఉంది. అతను ఎందుకలా చేశాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికే తెలియలేదు. అలవాటు కావచ్చు. పరాయి ఇంటి మూటలోకి ఒక్క రుమాలు పోయినా వెతికి తెచ్చి ఎవరిది వాళ్లకిచ్చే అలవాటు. ముందుకు వంగి, దొంతరను మెల్లగా తనవైపు లాక్కున్నాడు.

"ఉండనివ్వండి, పిల్లవి గదా. తనిఖీకి పెద్దవాళ్లు వస్తారంట. వాళ్ల కాళ్లావేళ్లా పడి చూపించుకుంటాను. దయతలుస్తారేమో."

బతిమాలుకుందామనే అన్నాడు. కాని గదిలో నవ్వు ఠక్కున ఆగిపోయింది. లెక్కల మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు. పోయిన ఏడు పక్క బడిలో తెల్లకాగితాల మీద సంతకాలు దొరికి ఇద్దరు మాస్టర్లను ఉద్యోగంలోంచి పీకేశారన్న సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. అతనికి ఒక్కడికే తెలియదు.

ఆ సాయంత్రమే బల్ల ముందు స్కూటరు ఆగింది. సైన్సు మాస్టారు దిగాడు. పెట్టె పక్కన పెట్టి అతను చేతులు తుడుచుకున్నాడు.

"ఇస్త్రీకేమైనా తెచ్చారాండీ?"

"లేదండీ, మీతో మాట్లాడదామని" అన్నాడు మాస్టారు. పొద్దున ఏమయ్యా అన్న నోరు సాయంత్రానికి అండీ అంటోంది. భార్య స్టూలు తెచ్చి వేసింది. మాస్టారు కూర్చోలేదు. ఐసుబండి తాత వంక చూశాడు. తాత గంట తీసుకుని, బండిని వదిలి, పిల్లలెవరూ లేని వీధి చివరికి గంట కొట్టుకుంటూ పోయాడు.

"పిల్ల తెలివైంది" అన్నాడు మాస్టారు. "దాని ఏడాది పాడవడం నాకు మాత్రం ఇష్టమా? మార్కులు నేను వేస్తాను. రికార్డు తడిసి పాడైపోయిందని రాసుకుంటాను. పరీక్ష రాస్తుంది."

"దేవుడిలా చెప్పారు" అంది భార్య.

"కాని ఆ కాగితాలు ఉండకూడదు. ఇంకోటి. పొద్దున అక్కడ అందరూ విన్నారు. పిల్ల క్లాసులో లేచి తప్పయిందని ఒక్క మాట అనాలి. లేకపోతే నా మాట ఏమవుతుంది?"

గుమ్మంలో నిలబడ్డ పెద్దది అంది, "ఏం తప్పు సార్?"

మాస్టారు స్కూటరు తాళం వేలికి తిప్పుకుంటున్నాడు. అతను కూతురి వంక చూశాడు, భార్య వంక చూశాడు. ఏదైనా అందామంటే, ఇదంతా మొదలుపెట్టిన చేతులు తనవే.

"మాట పడితే ఒంటికేం అంటుకోదే" అంది భార్య మెల్లగా. "ఏడాది పోతే మాత్రం, మరుసటేడు నిన్ను పంపిస్తామో లేదో నాకే తెలీదు. నాతో మూటలు మోస్తావా?"

పెద్దది లోపలికి వెళ్లింది. వచ్చినప్పుడు చేతిలో మూట ఉంది. ముడి తనే విప్పింది. నీలం దారాన్ని లాగి వేలికి చుట్టుకుంది. రికార్డు కాగితాలు తీసి తండ్రి చేతికిచ్చింది, మాస్టారి చేతికి కాదు.

మాస్టారు కళ్లు పక్కనున్న బొగ్గుల కుంపటి మీద పడ్డాయి. "అందులోనే వేసెయ్యండి" అన్నాడు.

అతను ఒక్కొక్కటే వేశాడు. ముందు అంచులు నల్లబడి ముడుచుకున్నాయి. పెన్సిలు బొమ్మలు మంటలో ఒకసారి మెరిసి పోయాయి. ఎర్ర టిక్కులు చివరిదాకా కనబడ్డాయి. దుప్పటి కింద మాడిన కాగితం ఒకటుందని అతనికి మధ్యలో గుర్తొచ్చింది. చెయ్యి బల్ల అంచు దాకా వెళ్లింది. అక్కడే ఆగి, దుమ్ము దులిపినట్టు నటించి వెనక్కి వచ్చింది.

మాస్టారు బూడిద అయ్యేదాకా నిలబడ్డాడు. పోతూ, "ఆ కుంపటి వేడికి ఎలా తట్టుకుంటారండీ రోజూ" అన్నాడు.

మర్నాడు పెద్దది బడి నుంచి వచ్చి చేతులు కడుక్కుని, తల్లి తెచ్చిన మూట విప్పి చొక్కాలకు నీళ్లు చిలకరించడం మొదలుపెట్టింది. అడక్కపోతే చెప్పేలా లేదు.

"అన్నావా?" అన్నాడు.

"ఊఁ."

"ఏమన్నావు?"

"తప్పయింది సార్, ఇంకెప్పుడూ చెయ్యను అన్నాను. బెంచీ ఎక్కి చెప్పమన్నారు, వెనకాల వాళ్లకు వినబడలేదని."

అతని చేతిలో పెట్టె ఆగింది. చొక్కా కాలుతుందేమోనని పెద్దదే చెయ్యి చాపి పెట్టెను పక్కకు జరిపింది.

"మార్కులు?"

"వేశారు. క్లాసులో అందరికన్నా నాకే ఎక్కువ." చిలకరించిన చొక్కాను చుట్ట చుట్టింది. "నా పక్కన కూర్చునే అమ్మాయి అడిగింది, ఆ సంతకం పెట్టడం నాకు గూడా నేర్పవా అని."

తనిఖీవాళ్లు వచ్చారు, పోయారు. రికార్డులు ఎవరూ విప్పి చూడలేదట. బల్ల మీద దొంతరలు లెక్కబెట్టుకుని, భోంచేసి వెళ్లారట. ఈ సంగతి కూడా పెద్దది నీళ్లు చిలకరిస్తూనే చెప్పింది.

ఆదివారం చిన్నోడొక్కడే సంచి బోర్లించాడు. పెద్దది సంచి గోడకే వేలాడింది. చిన్నోడి కాగితాలు మడుస్తుంటే మేడ మీది పాప గౌను పట్టుకుని మెట్లు దిగింది.

"అంకుల్, అర్జెంటు. పార్టీకి వెళ్లాలి." అని, పెద్దదాన్ని చూసి, "ఏయ్, నీకిచ్చిన పెన్నులు అయిపోయాయా? ఇంకో రెండున్నాయి, కావాలా?" అంది.

"వద్దు" అంది పెద్దది.

"ఆ పెన్నుల వల్లే గదమ్మా" అని భార్య మొత్తం చెప్పేసింది. ట్యాంకు సంగతి కూడా కలిపి చెప్పింది. పాప ట్యాంకు సంగతి వినిపించుకోలేదు.

"వేడికి పోతే ఏంటి? చల్లగా చేస్తే వచ్చేస్తుంది కదా! నా హోంవర్కు ఒకసారి ఎండకు కారులో పోతే డాడీ ఫ్రిజ్జులో ఐసు పెట్టే అరలో పెట్టారు. పొద్దున్నకు మొత్తం వచ్చేసింది. పెన్ను డబ్బా మీద రాసుంటుంది, చూడలేదా?"

డబ్బా తను ఇవ్వలేదని, విడి పెన్నులే ఇచ్చిందని ఆ పిల్లకు గుర్తులేదు. గౌను బల్ల మీద పడేసి, తాత దగ్గర పుల్ల ఐసు కొనుక్కుని, చప్పరిస్తూ మెట్లెక్కింది.

తర్వాత అతను బల్ల దుప్పటి ఎత్తి, మాడిన మచ్చ ఉన్న కాగితం తీశాడు. పెద్దది దాన్ని చూసి తండ్రి మొహం చూసింది.

"ఒకటి కాల్చాను. నీకు చెప్పలేక దాచాను" అన్నాడు.

ఐసుబండి తాత ప్లాస్టిక్ కవరొకటి దులిపి తీశాడు. కాగితం అందులో పెట్టి, మూతి చుట్టి, ఉప్పు చల్లిన ఐసు మధ్య నిలువుగా దోపాడు. "దీనంత చల్లన ఫ్రిజ్జులో కూడా ఉండదు" అన్నాడు. "ఏడాదంతా నీ పక్కనే ఉంది గదరా అబ్బాయ్ ఈ బండి." అన్నాక, అనకుండా ఉండాల్సిందనిపించి, గంట తీసి ఊరికే తుడిచాడు.

గౌను ఇస్త్రీ అయింది. ఇంకో రెండు మూటలు అయ్యాయి. ఎండ గోడ దిగింది. తాత కవరు లాగి పెద్దదాని చేతికిచ్చాడు. చేతులకు చల్లదనం కొరికినట్టుంది కాబోలు, ఓణీ చెంగుతో పట్టుకుంది.

ముందు ఏమీ కనబడలేదు. కాగితాన్ని వెలుతురుకు తిప్పితే, పొగమంచులోంచి మనుషులు నడిచొచ్చినట్టు, ఒక్కొక్క వరసా బయటికొచ్చింది. కాస్త వెలిసిన రంగే. కుడివైపుకు వాలి, బరువు మోస్తున్న రాత. ఎర్ర టిక్కు ప్రతి ఒక్కటీ ఏదో ఒక మాట పక్కన సరిగ్గా కూర్చుంది. బొమ్మలకు పేర్లు వచ్చాయి. కింద సంతకం పైన ఇప్పుడు ఖాళీ లేదు.

"అమ్మ నా తల్లే" అన్నాడు తాత.

"అన్నీ వచ్చేవి" అంది భార్య. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దది కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదువుకుంది. చదువుతుంటే పెదాలు కదిలాయి. అతను అడిగాడు, "ఏం రాశావే అందులో?"

"ఏదో." కాగితం తండ్రి ముందు, బల్ల మీద, రాత ఉన్న వైపు కిందికి పెట్టింది. అంచులు సరిచేసింది. "దీని మీద కూడా ఒకసారి పెట్టె నడుపు నాన్నా."

"ఎందుకే?"

"రాయలేదని ఒప్పుకున్నా కదా. ఇది ఉంటే నాకే బాగోదు."

అతను పెట్టె పిడి పట్టుకున్నాడు. ఎత్తలేదు. పెట్టెను దూరంగా, బల్ల ఆ చివరికి జరిపాడు. కాగితాన్ని తిరగేసి, అంచుకు అంచు కలిపి మడిచి, పెద్దదాని మూట కట్టే దుప్పటి ముక్కలో పెట్టి ముడి వేశాడు. కూతురి ముందు చెయ్యి చాపాడు. పెద్దది ఆ రోజు నుంచీ వేలికే ఉన్న నీలం దారం విప్పి ఆ చేతిలో పెట్టింది.

"పెట్టె చల్లారిపోయిందే" అన్నాడు దారం దూరుస్తూ.

పెట్టె కన్నాల్లోంచి నిప్పు ఎర్రగా కనబడుతూనే ఉంది. పెద్దది దాన్ని చూసింది. చూసి, పక్క చొక్కాకు నీళ్లు చిలకరించడానికి వంగింది.